క్యాంపుకు వెళ్లాడని చెబుదామనుకున్నాం

మా అబ్బాయికి పదిహేనేళ్లు వచ్చిన ఏడాది, మే నెలలో, మా ఆయనా నేనూ కూర్చుని ఒక అబద్ధం తయారు చేసుకున్నాం. ఎవరడిగినా వాడు సమ్మర్ క్యాంపుకు వెళ్లాడని చెప్పాలి. గుంటూరులో మా అత్తయ్యగారికీ అదే మాట. అసలు సంగతి వేరు. స్కూలు ఎగ్గొడుతున్నాడు. బ్యాగులో వేప్ పెన్ దొరికింది. ఒక రాత్రి తండ్రితో గొడవపడి గోడను గుద్దితే పిడికిలంత కన్నం పడింది. మర్నాడు మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. వచ్చేవాళ్ల కంట పడకుండా ఆ కన్నం మీద తెలుగు క్యాలెండరు తగిలించాను.

ఆ రోజుల్లోనే యూటా రాష్ట్రంలో ఒక కార్యక్రమం సంగతి తెలిసింది. పది వారాలు ఎడారిలో నడక, టార్పాలిన్ కింద పడక, వెంట కౌన్సెలర్లు. ఫీజు రోజుకు వందల డాలర్లు. వాడి కాలేజీ కోసం దాచిన డబ్బు తీద్దామనుకున్నాం. ఫోనులో మాట్లాడినావిడ ఎంతో మర్యాదగా చెప్పింది: "అబ్బాయికి ముందుగా ఏమీ చెప్పకండి. తెల్లవారుజామున మా మనుషులిద్దరు వచ్చి, నిద్ర లేపి తీసుకెళ్తారు. మీరు రెండు మాటలు చెప్పి గదిలోంచి వచ్చేయండి."

ఆ రాత్రి నాకు కునుకు పట్టలేదు. పీడకల వస్తే పరుగెత్తుకొచ్చి నా కొంగు పట్టుకున్న పిల్లాణ్ణి ముక్కూమొహం తెలియని వాళ్లు లేపుతుంటే, నేను గుమ్మంలో నిలబడి చూడాలా?

లేచి చదవడం మొదలుపెట్టాను. ఆరుబయట కష్టపెట్టి కుర్రవాళ్లకు ధైర్యం నేర్పాలన్న ఆలోచన మంచిదే. 1941లో కర్ట్ హాన్ వేల్స్‌లో అవుట్‌వర్డ్ బౌండ్ మొదలుపెట్టింది ఆ ఉద్దేశంతోనే. తర్వాతి దశాబ్దాల్లో అమెరికాలో కొందరు దాన్ని బలవంతపు చికిత్సగా, వ్యాపారంగా మార్చారు. 2007 అక్టోబరులో అమెరికా కాంగ్రెస్ తనిఖీ విభాగం జీఏఓ, 1990 నుంచి 2004 వరకు ఇలాంటి చోట్ల చనిపోయిన 10 మంది పిల్లల కేసులు పరిశీలించి సభ ముందు పెట్టింది. అది చదువుతుంటే నా చేతులు వణికాయి. దాహమని, నడవలేనని పిల్లలు మొత్తుకుంటే నాటకమాడుతున్నారని కొట్టిపారేసిన సిబ్బంది ఉన్నారు అందులో. అదంతా పాతకాలం మాట అనుకోవడానికీ లేదు. 2024 ఫిబ్రవరిలో ఉత్తర కరోలినాలో 12 ఏళ్ల బాబు, ఇలాంటి చోటే చేరి ఒక రోజైనా గడవకముందే, ఊపిరాడక చనిపోయాడు. ఆ ఏడాది డిసెంబరులో ఫెడరల్ చట్టం వచ్చింది కానీ, అది ముఖ్యంగా ఈ సంస్థల తీరును అధ్యయనం చేయించడానికే. అన్నీ అలాంటివే అనను. ప్రాణం తీసుకుంటానంటున్న పిల్లకి, మత్తులో కూరుకుపోయిన పిల్లాడికి ఇల్లు చాలకపోవచ్చు. అలాంటప్పుడు క్షణం ఆలస్యం చేయకుండా అమెరికాలో ఆత్మహత్య నివారణ నంబరు 988కి ఫోను చేయాలి, ఆసుపత్రికి పోవాలి.

"ఇండియా పంపించేస్తా" అని ఇక్కడ అమెరికాలో మనవాళ్లు బెదిరిస్తుంటారు. కొందరు నిజంగానే హైదరాబాదు హాస్టల్లో చేర్పించి వస్తారు. యూటా అయినా హైదరాబాదైనా నాకు తేడా కనిపించదు. పిల్లాడు మన కళ్ల ముందు నుంచి, అంతకన్నా ముఖ్యంగా నలుగురి కళ్ల ముందు నుంచి, పక్కకు జరుగుతాడు. ఇంట్లో మాత్రం ఏదీ మారదు.

మేం వాణ్ణి పంపలేదు. కుటుంబాన్నంతా కూర్చోబెట్టి మాట్లాడే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాం. ఫంక్షనల్ ఫ్యామిలీ థెరపీ అంటారు. మూడు నుంచి అయిదు నెలలు సాగుతుంది. మొదటిరోజు ఆమె వాణ్ణి వదిలేసి మమ్మల్ని అడిగింది: "మార్కుల ఊసు లేకుండా మీ అబ్బాయితో చివరిసారి ఎప్పుడు మాట్లాడారు?" మా ఆయన నా వంక చూశారు. నేను వాడి వంక చూశాను. వాడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ వేసవి వాడికి సైకిళ్లు బాగుచేసే కొట్టులో పని దొరికింది. చికాగోలో 2012లో కొందరు పిల్లలకు ఎనిమిది వారాల వేసవి ఉద్యోగం, తోడుగా ఒక పెద్ద మనిషిని ఇచ్చి చూస్తే, తర్వాతి 16 నెలల్లో ఆ పిల్లల మీద హింస కేసుల్లో అరెస్టులు 43 శాతం తగ్గాయి. వాళ్లు తుపాకుల మోతల మధ్య పెరిగిన పేద పిల్లలు, మా వాడు అడిగినవన్నీ అందుతూ పెరిగినవాడు. రెంటికీ పోలిక పెట్టలేను. కానీ చేతులకు గ్రీజుతో ఇంటికొచ్చి, ఆ కొట్టు ముసలాయన చెప్పిన కబుర్లు అన్నం ముందు మాకు చెప్పిన సాయంత్రం, గడచిన రెండేళ్లలో మొదటిసారి ముగ్గురం కలిసి భోజనం ముగించాం. ఆగస్టులో మళ్లీ వేప్ దొరికింది. మళ్లీ అరుచుకున్నాం. ఈసారి వాడి గది తలుపుకి మాత్రం లోపల గడియ పడలేదు.

మొన్న ఉగాది రోజు, పచ్చడి పంచుతూ, ఒక స్నేహితురాలికి ఇదంతా ఉన్నదున్నట్టు చెప్పాను. వారం తిరక్కుండా ముగ్గురు తల్లులు ఫోను చేశారు. అందులో ఒకావిడ గుడి పార్కింగులో కారులో కూర్చుని, భర్త వినకుండా మాట్లాడింది. ఈ సంచిక చివర సభ్యుల జాబితాలో నా నంబరుంది. రాత్రి పదకొండయినా సరే, చెయ్యండమ్మా. పేరు చెప్పనక్కర్లేదు.