ముఖం కింద రాసిన పేరు

ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. కాగితం, పెన్సిల్ తీసుకుని ఎదురుగా కూర్చున్నవారి ముఖం గీయండి. ఎన్నడూ బొమ్మ వేయనివారు సాధారణంగా ఒకే తప్పు చేస్తారు. కళ్లను బాగా పైకి, తలకట్టు దగ్గరకు జరిపేస్తారు. నిజానికి నడినెత్తి నుండి గడ్డం కొస వరకు కొలిస్తే, కళ్లు ఇంచుమించు మధ్యలో ఉంటాయి. రోజూ అద్దంలో చూసుకునే ముఖమే. అయినా ఈ సంగతి మనకు తెలియదు. ఎందుకని? కళ్లు, ముక్కు, నోరు మనకు ముఖ్యం. నుదురు, తలపైభాగం అంత ముఖ్యం కావు. అందుకని ముఖ్యమనుకున్నదాన్ని పెంచుతాం, కాదనుకున్నదాన్ని కుదిస్తాం. కంటికి కనబడినది కాక, మనసులో ముందే ఉన్నది గీస్తాం.

ఇది బొమ్మలు వేయడంలో జరిగే పొరపాటు మాత్రమేనా? తోటి మనిషిని చూసే తీరులోనే మనం చేసే పొరపాటు కూడానా?

ఐరోపా చిత్రకళాశాలల్లో స్థిరపడిన పాత శిక్షణ ఈ తప్పును దిద్దడానికి చాలా ఓపిక పట్టేది. విద్యార్థి ముందు మొదటిరోజే మనిషిని కూర్చోబెట్టేవారు కారు. ముందు అచ్చుబొమ్మలకు నకళ్లు తీయాలి. షార్ల్ బార్గ్, జాన్ లియోన్ జెరోమ్ కలిసి రూపొందించిన అలాంటి పాఠాలు 1866 నుండి 1871 వరకు పారిస్‌లో వెలువడ్డాయి. అందులో 197 చిత్రాలున్నాయి. ఆ తరువాత ప్లాస్టర్ విగ్రహాలు. చివరకు సజీవమైన ముఖం. ఈ రకం శిక్షణ 1857లో ప్రారంభమైన బొంబాయి జె.జె. కళాపాఠశాలకూ వచ్చింది. మన రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) చదువుకున్నది అక్కడే.

ఆ పద్ధతిలోని పనిముట్లు చాలా సాదావి. తాపీమేస్త్రీ గోడ నిలువు చూసినట్టు, దారానికి బరువు కట్టి వేలాడదీసి, కంటి కొస కింద పెదవి కొస ఎక్కడ పడుతుందో చూస్తారు. చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్‌తో ముక్కు పొడవు కొలుస్తారు. కళ్లు సగం మూసి, ఏది వెలుగో ఏది నీడో విడదీస్తారు. రంగు కాగితం మీద నల్ల సుద్ద నీడకు, తెల్ల సుద్ద వెలుగుకు. మధ్య ఛాయను కాగితమే ఇస్తుంది. తెల్ల సుద్దను పొదుపుగా, చివరలో వాడాలి. కన్ను గీస్తున్నానని మరచిపోయి, అక్కడున్న నీడ ఆకారాన్ని గీయడం నేర్చుకోవాలి. గీత తప్పితే చెరిపి మళ్లీ చూడాలి.

వస్తువుకు తగినట్టు బుద్ధి ఒదగడమే సత్యమని పునీత తోమాస్ అక్వినాస్ బోధ. వస్తువు వచ్చి మన బుద్ధికి ఒదగదు. గురుమఠంలో తత్వశాస్త్రం చదివినవారు ఈ మాట పరీక్షలో రాస్తారు. బొమ్మ నేర్చుకునేవాడు దాన్ని చేతితో నేర్చుకుంటాడు.

ఈ విద్యకు గొప్ప ఉదాహరణ, ఆ కళాశాలలన్నిటికీ ముందుకాలం వాడైన హాన్స్ హోల్బైన్. ఇంగ్లండు రాజు 8వ హెన్రీ కాలంలో ఆయన సుద్దలతో గీసిన రూపచిత్రాలు దాదాపు 80 విండ్సర్ కోటలో భద్రంగా ఉన్నాయి. వాటిలో థామస్ మోర్ ముఖం ఉంది. రోచెస్టర్ పీఠాధిపతి జాన్ ఫిషర్ ముఖం ఉంది. రాజును శ్రీసభకు అధిపతిగా అంగీకరించనందుకు 1535లో ఇద్దరికీ శిరచ్ఛేదం జరిగింది. 1935లో ఇద్దరినీ పునీతులుగా ప్రకటించారు. అదే సంపుటిలో మరొక ముఖం, రిచర్డ్ రిచ్‌ది. మోర్‌కు మరణశిక్ష పడటానికి ఆధారమైన సాక్ష్యం ఇతనిదే. అది అబద్ధ ప్రమాణమని మోర్ న్యాయస్థానంలోనే ఎదురు చెప్పినట్టు ఆయన అల్లుడు విలియం రోపర్ రాశాడు. మోర్ ఒకప్పుడు కూర్చున్న లార్డ్ ఛాన్సలర్ పీఠం తరువాతి కాలంలో రిచ్‌కు దక్కింది.

హోల్బైన్ ఈ ముఖాలన్నిటినీ ఒకే శ్రద్ధతో గీశాడు. ఇక్కడే మనకు అభ్యంతరం కలుగుతుంది. వేదసాక్షికీ, అతనిపై సాక్ష్యం పలికినవాడికీ తేడా లేదా? ఇది మంచిచెడ్డల పట్ల ఉదాసీనత కాదా?

కాదు. తేడా వారు చేసిన పనుల్లో ఉంది. పనులను పనుల ఆధారాలతోనే తూచాలి. రిచ్ దుర్మార్గుడని చూపడానికి హోల్బైన్ అతని పెదవిని కొంచెం వంకర తిప్పి ఉంటే, అది సుద్దతో చెప్పిన అబద్ధ సాక్ష్యమయ్యేది. చరిత్ర చదివాక ఆ బొమ్మ చూస్తే మనకు కపటం కనబడవచ్చు. ఆ కపటం గీతలో ఉందా, మన తలలో ఉందా?

ఈ బొమ్మల మీద ఉన్న పేర్లు తరువాతి కాలంలో వేరేవారు రాసినవి. కొన్ని తప్పు. ఒక స్త్రీ చిత్రం మీద రాకుమారుడు ఎడ్వర్డ్ దాది ‘మదర్ జాక్’ అని ఉంది. ఆమె నిజానికి మోర్ ఇంట పెరిగిన పెంపుడు కూతురు మార్గరెట్ గిగ్స్ అని పండితులు తరువాత గుర్తించారు. బాసెల్‌లో ఉన్న మోర్ కుటుంబ చిత్రపు నమూనాలో మనుషుల పేర్లు రాసి ఉండటం అందుకు తోడ్పడింది. తప్పుడు పేరు కింద కూడా ముఖం ముఖంగానే నిలిచి ఉంది. గీత నిజాయితీగా ఉంది గనుకనే పేరును దిద్దడం సాధ్యమైంది.

మన ఊళ్లలో మనం పేరు ముందు రాసి, ముఖం తరువాత చూస్తాం. తాగుబోతు. అప్పు ఎగవేసినవాడు. ఫలానా కులం. పొలం గట్టు దగ్గర మాటామాటా పెరిగి విడిపోయిన అన్నదమ్ములు పదేళ్లుగా ఒకరి ముఖం ఒకరు చూడరు. ఇద్దరి మనసుల్లోనూ ఎదుటివాడి బొమ్మ మాత్రం ఉంది. అది ఆ తగాదా రోజున గీసింది. ఆ తరువాత అన్నకు జుట్టు నెరిసింది, తమ్ముడికి జబ్బు చేసింది. బొమ్మ మాత్రం మారలేదు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. కొత్తగా నేర్చుకునేవారు మరొక తప్పు కూడా చేస్తారు. బొమ్మ పాడవుతుందేమోనని భయపడి, నీడను ఉండవలసినంత నల్లగా వేయరు. భార్యను కొట్టే భర్త గురించి పెద్దలు ‘వాడు మంచివాడేలే’ అని సర్దిచెబుతారు. అది దయగా చూడటం కాదు, నల్ల సుద్ద పట్టుకోవడానికి భయపడటం. ఆమె ఒంటి మీది దెబ్బను కూడా ఉన్నది ఉన్నట్టే చూడాలి. ఆ తప్పును తప్పని పేరు పెట్టి చెప్పాలి, ఆమెకు రక్షణ కావాలి. అతన్ని సరిగా చూడటమంటే ఆ నీడను వదిలేయకపోవడం. దానితోపాటు, ఆ నీడే అతని ముఖమంతా అని అనుకోకపోవడం.

ఎంత గొప్ప చిత్రకారుడికైనా హృదయం కనబడదు. కనబడిన మేరకు నిజంగా గీయడం, కనబడనిది ఉందని మరచిపోకపోవడం, ఈ రెండే అతని ధర్మం. మనదీ అంతే. ఈ వారం ఒక్కరిని ఎంచుకోండి. ఎవరి ముఖం చూడటం ఎప్పుడో మానేశారో వారినే ఎంచుకోండి. ఎదురుగా కూర్చుని, ముందు రాసిపెట్టుకున్న పేరును కాసేపు పక్కన పెట్టి, మొదటి గీత నుండి మళ్లీ చూడండి.