లంచగొండి పోలీసు: ప్రతినాయకుడి సమస్య

అపరాధ పరిశోధక నవలలో లంచగొండి ఇన్‌స్పెక్టరును ప్రతినాయకుడుగా నిలబెట్టడం నేడు సులభమైపోయింది. గుబురు మీసం, బూతుమాట, బల్లకింద చెయ్యి ఉంటే చాలు, మనిషి తయారు. చివరి ప్రకరణంలో నీతిమంతుడైన మరొక అధికారి అతణ్ణి పట్టిస్తాడు, లేదా కాల్చిపారేస్తాడు. కొమ్మూరి సాంబశివరావు నవలల్లో డిటెక్టివ్ యుగంధర్‌కు పోలీసులు మిత్రులే గదా, దానితో పోలిస్తే ఇది ముందడుగేనని కొందరంటారు. నాకలా తోచదు. దుష్టుడు పోయాడు, కుర్చీ శుభ్రమైందని నమ్మించే నవల, పోలీసును పొగిడే నవలకన్న ఎక్కువగానే ఆ కుర్చీకి సేవ చేస్తుంది.

మన గోదావరి జిల్లా చరిత్రే చూడండి. రంప కొండల్లో జనం తమ చెట్టు కల్లు తాము గీసుకుని తాగేవారు. అబ్కారీ నిబంధనలు వచ్చి, కల్లు హక్కు కౌలుకు పోయి, చిగురుపన్ను వచ్చిపడేసరికి నిన్నటి అలవాటు నేటి నేరమైంది. పేదవాడి నిత్యకృత్యాన్ని చట్టం నేరం చేసిన ప్రతిచోటా పోలీసుకు అమ్ముకునేందుకొక సరుకు పుడుతుంది: చూసీ చూడనట్లుండటం. ఈ పన్నుకు మైదానపు వర్తకుల వ్యాజ్యాలూ, పోలీసుల దండుకోవడమూ తోడై 1879 మార్చిలో రంప తిరగబడింది. మొదటి దెబ్బ పోలీసులమీదే పడింది.

మద్యనిషేధపు రోజుల్లో ఇదే కథ విశాఖపట్నంలో నడిచింది. ప్లీడరైన రాచకొండ విశ్వనాథశాస్త్రి 'ఆరు సారా కథలు' రాశాడు. వాటిలో పోలీసు రాక్షసుడు కాడు. సారా వ్యాపారానికీ కోర్టుకూ మధ్య నడిచే బేరంలో అతనొక భాగస్వామి. లంచానికి మన జనం పెట్టిన పేరు 'మామూలు'. వింతను కాదు, రివాజును సూచించే మాట అది. ఏ నిఘంటుకర్తా ఇంతకన్న బాగా చెప్పలేడు.

క్లాసులో ఈ మాటంటే ఒక విద్యార్థి వెంటనే అడిగాడు: "అయితే వాడి తప్పేమీ లేదా మాస్టారూ?" ఇది తేలిగ్గా తోసెయ్యవలసిన ప్రశ్న కాదు. అంతా వ్యవస్థే చేయించిందంటే దెబ్బ తిన్నవాడికి జవాబు చెప్పేవాడే లేకుండాపోతాడు. అదే జీతం, అదే స్టేషను, అవే ఇంటి అవసరాలు ఉండి చెయ్యి చాపని కానిస్టేబులు కూడా ఉంటాడు. కనుక వ్యవస్థ ఒత్తిడి నిజం, మనిషి ఎంపికా నిజం. ప్రతినాయకుడు మొదటిసారి డబ్బు పుచ్చుకున్న రోజు నవలలో ఉండాలి. ఆనాడు కాదనడానికి అతనికి ఎంత వీలుందో, కాదంటే ఏం పోయేదో - బదిలీయో, ప్రమోషనో, తోటివారి స్నేహమో - తూకం వేసి చూపాలి. ఆ తూకం లేనిచోట అతను రాక్షసుడైనా అవుతాడు, తోలుబొమ్మైనా అవుతాడు. రాక్షసుడికీ బొమ్మకూ నైతిక బాధ్యత అంటదు.

ఇచ్చేవాడినీ రాయాలి. సారా కాంట్రాక్టరు లెక్కల్లో ఇన్‌స్పెక్టరు మామూలు కుండల ఖర్చు, బండి కిరాయిల పక్కనే ఉంటుంది. ఆ పద్దు పుస్తకం ఎవరి పెట్టెలో ఉందో నవల చెప్పాలి; ఇన్‌స్పెక్టరు ఉద్యోగం ఊడిన మరుసటి నెల అందులో ఎవరి పేరు ఎక్కిందో కూడా చెప్పాలి.