నీటికి అడ్డు ఏది?

ఇంట్లో సన్‌స్క్రీన్ చేసుకునేవాళ్లు జింక్ ఆక్సైడ్‌ను నూనెలో మెత్తగా నూరి, కరిగిన తేనెమైనం కలుపుతారు. ముఖం సున్నం పూసినట్టు తెల్లబడకుండా ఎరుపు, పసుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్ పొడులు చిటికెడు చొప్పున వేసి చామనఛాయకు తెస్తారు. చెమటకూ నీళ్లకూ కారిపోకుండా దాన్ని పట్టి ఉంచేది మైనమే. రాసుకున్నవారు ఐదు పూటలా నమాజు చేసేవారైతే చిక్కంతా ఆ మైనం దగ్గరే.

నమాజుకు ముందు చేసే శుద్ధి అయిన వుజూలో ముఖం, మోచేతుల దాకా చేతులు, చీలమండల దాకా పాదాలు కడగాలని ఖురాన్ అయిదో అధ్యాయం చెబుతుంది. నీరు చర్మాన్ని తాకాలి. గోరింటాకు పండిన చేతికి ఇబ్బంది లేదు, నెయిల్ పాలిష్ వేసిన గోటికి ఉంది. రంగు వేరు, పొర వేరు అన్నది ధర్మశాస్త్రజ్ఞుల లెక్క. మరి రంగు సన్‌స్క్రీన్ ఏ కోవలోకి వస్తుంది? ఐరన్ ఆక్సైడ్ గోరింటాకులా చర్మంలోకి దిగదు, మైనంలో ఇరుక్కుని పైనే ఉంటుంది. పల్చటి నూనె జిడ్డును చాలామంది పండితులు పట్టించుకోరు. గట్టిపడిన పొరను మాత్రం తీసేయాలంటారు.

సీసా మీద మాట చూసి తేల్చుకుందామంటే కుదరదు. అమెరికా ఎఫ్‌డీఏ ‘వాటర్ రెసిస్టెంట్’ అన్న మాటకు 40 లేదా 80 నిమిషాల గడువు పెట్టింది. అంతసేపు నీళ్లలో నానాక ఎండ నుంచి రక్షణ ఎంత మిగిలిందన్నదే ఆ పరీక్ష. కింద చర్మం తడిసిందా అని అది అడగదు.

యూదులు శుద్ధి కోసం మునిగే మిక్వా స్నానంలోనూ ఇదే వాదం. 16వ శతాబ్దపు యూదు ధర్మశాస్త్ర గ్రంథం ‘షుల్హాన్ అరూఖ్’ రంగులద్దే వృత్తిలోని స్త్రీల చేతులకు అంటిన రంగును అడ్డుగా లెక్కించలేదు. కూటికోసం అంటిన రంగును శాస్త్రం మన్నించడం ముచ్చటైన సంగతే.

హజ్ యాత్రికులకు మాత్రం ఇది తీరిక చర్చ కాదు. హజ్ దీక్ష అయిన ఇహ్రాంలో మగవాళ్లు తల కప్పుకోకూడదు. 2024 జూన్‌లో మక్కాలో ఉష్ణోగ్రత 51.8 డిగ్రీలకు చేరింది. సుగంధం నిషిద్ధం కాబట్టి లేపనంలో లావెండర్, గులాబీ నూనెలు పనికిరావు. పైగా వంటింటి లేపనంలో జింక్ ఉండకట్టిన చోట పక్కనే ఖాళీ మిగులుతుంది, రంగు దాన్ని కనబడనీయదు. అంత ఎండలో దాన్ని నమ్ముకోవడం సాహసమే. పరీక్షకు నిలిచిన, వాసన లేని సరుకు కొనుక్కోవడం మేలు. వుజూ అయ్యాక రాసుకుంటే వుజూ చెడదు. మళ్లీ వుజూ చేయాల్సి వస్తే ఆ పొరను సబ్బుతో వదిలించుకోవాలి. ఇహ్రాంలో ఆ సబ్బూ వాసన లేనిదే చూసుకుంటారు.