బొగ్గు లాభము, పొగపై పోరు

ఒక వర్తకుడు ఒక సరకుపై లాభము గడించి, కొంతకాలమునకు ఆ సరకు లోకమునకు చేటని గ్రహించి, ఆ లాభముతోనే దానిపై పోరు సాగించెననుకొందము. ఆ సొమ్మును ఏ ఖాతాలో వ్రాయవలెను? అమెరికాలోని టామ్ స్టయర్ అను ధనికుని చరిత్ర ఈ ప్రశ్నను మన ముందుంచుచున్నది.

1957లో న్యూయార్కున జన్మించిన స్టయర్ గోల్డ్‌మన్ శాక్స్‌లో పని నేర్చి, 1986లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఫెరలాన్ కాపిటల్ అను హెడ్జ్ ఫండును స్థాపించెను. పేరు కొత్తదే గాని కిటుకు మన పెద్దలకు తెలియనిది కాదు. ఒక కంపెనీ వాటాను నూరు డాలర్లకు కొందుమని మరియొక కంపెనీ ప్రకటించును. బేరము చెడునేమోయను భయమున బజారులో అది తొంబదిరెంటికే దొరకును. బేరము కుదురునని లెక్క కట్టగలవాడు కొని ఓపిక పట్టును. కుదిరినచో ఎనిమిది మిగులును, చెడినచో అంతకు మించి పోవును. ఇతరుల మూలధనముతో ఇట్టి బేరములు చేసి, లాభములో సుమారు అయిదవ వంతు నడిపించువాడు తీసికొనుట ఆ వ్యాపారమున వాడుక. పనివాటాదారునకు మనవారిచ్చు భాగము వంటిదే. అమెరికా విశ్వవిద్యాలయములు సైతము స్టయర్ చేతికి సొమ్మిచ్చినవి.

ఫెరలాన్ అన్ని వస్తువులలోను పెట్టుబడి పెట్టెను. బొగ్గు అందులో ఒకటి. ఆస్ట్రేలియాలోని మౌల్స్ క్రీక్ గని కొనుగోలుకు ఆ సంస్థ సొమ్ము తోడ్పడెను.

2010లో కాలిఫోర్నియా వాతావరణ రక్షణ చట్టమును నిలిపివేయుటకు 23వ ప్రతిపాదన వచ్చినది. దానిని ఓడించుటకు స్టయర్ 50 లక్షల డాలర్లిచ్చి, ఎదుటి పక్షమునకు చెందిన జార్జి షుల్ట్‌జ్‌తో చేతులు కలిపెను. ప్రతిపాదన ఓడినది. 2012 చివర ఆయన ఫెరలాన్ నిర్వహణము వదలెను. తన సొంత ధనమును బొగ్గు, చమురుల నుండి తీసివేయుడని చెప్పెను. 2014 ఎన్నికలలో 7 కోట్ల డాలర్లకు మించి ఖర్చు పెట్టెను. ముఖ్యముగా పట్టుకొన్న ఏడు పోటీలలో ఆయన వారు గెలిచినవి మూడే!

ఆ సంవత్సరముననే న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆయన పాత బొగ్గు పద్దులను బయట పెట్టినది. కపటియని కొందరు నిందించిరి. ఈ నింద సగమే న్యాయము. తెలియక చేసినదానిని తెలిసిన పిమ్మట మానుకొన్నవానిని కపటి యనుట తగదు. మానకయే బోధించువాడు కపటి. కాని మిగిలిన సగము తేలికగా కొట్టివేయదగినది కాదు. వాటా అమ్మినంత మాత్రమున గని మూతపడదు. పేరు మారును, త్రవ్వకము సాగును. అమ్మినవాని చిట్టా శుభ్రమగును, గాలి కాదు. అప్పిచ్చినవానికి అసలు, వడ్డీ ముట్టినచో ఖాతా ముగిసినట్లే మన వాడుక. ఆ అప్పుతో మొదలైన పని ఇంకను నడచుచుండగా ఖాతా నిజముగా ముగిసినదా? ఈ ప్రశ్న కోటీశ్వరులకే గాదు, వడ్డీకి సొమ్ము తిప్పు ప్రతివానికిని తగులును.

రెండవ చిక్కు రాజకీయము. పది మంది ఓట్లకు సాటి యగునట్లు ఒకడు ధనము గుమ్మరించుట మంచి పనికైనను తగునా? 2020లో అధ్యక్ష పదవికి అభ్యర్థిత్వము కోరి స్టయర్ 25 కోట్ల డాలర్లకు మించి సొంత సొమ్ము వెచ్చించెను. ఒక్క ప్రతినిధియు దక్కలేదు. ఫిబ్రవరి 29న దక్షిణ కరోలినాలో మూడవ స్థానమున నిలిచి విరమించుకొనెను. ఓటరు అన్నిచోట్ల అమ్ముడుపోడని దీనివలన కొంత ఊరట. అయినను అంత ధనము లేనివాడు ఆ వేదికనే ఎక్కజాలడు గదా!

2021లో ఆయన గాల్వనైజ్ అను మరియొక పెట్టుబడి సంస్థను, ఈసారి వాతావరణమునకు మేలు చేయు వ్యాపారములకై, ఆరంభించెను. మౌల్స్ క్రీక్ బొగ్గు మాత్రము 2014 చివర మొదలై, రైళ్లపై న్యూకాజిల్ రేవునకు పోవుచునే యున్నది.