గలిలయ యాస

వాక్యపాఠములు: మత్తయి 26:69-75, అపొస్తలుల కార్యములు 2:1-14



పేతురు బొంకిన రాత్రిని గూర్చి మనము ఎన్నో ప్రసంగములు విన్నాము. కోడి కూసెను, అతడు వెలుపలికి పోయి ఏడ్చెను, అంతటితో ముగించుదుము. అయితే అతడు దేనివలన పట్టుబడెనో గమనించితిరా? చివరకు అతనిని పట్టించినది అతని మాట. గలిలయ ఉత్తరాన ఉన్న సీమ, చేపలు పట్టువారు, సేద్యము చేయువారు ఉన్న సీమ. యెరూషలేమో, దేవాలయమున్న పట్టణము, శాస్త్రులున్న పట్టణము. ప్రధానయాజకుని ముంగిట పేతురు నోరు తెరవగానే ఇతడెక్కడివాడో చుట్టునున్నవారికి తెలిసిపోయెను. కొన్ని గంటల ముందు తోటలో కత్తి దూసినవాడే ఇతడు! కత్తులకు, గుదియలకు జడియనివాడు ఒక పనిపిల్ల మాటకును, పక్కనున్నవారి ఎత్తిపొడుపుకును జడిసెను.

ఇది వింత కాదు. న్యాయాధిపతుల గ్రంథము 12వ అధ్యాయములో యొర్దాను రేవు దగ్గర ఒక్క అక్షరము సరిగా పలుకలేనందుకు ఎఫ్రాయిమీయులను పట్టి చంపిరి. ఆ కాలమున పడినవారు 42,000 మంది అని వ్రాయబడియున్నది. పలుకును బట్టి మనిషిని తూచుట అంత పాతది.

ఇప్పుడు మన సంగతి చూతము. హోసూరునుండి బెంగుళూరు 40 కిలోమీటర్లు. క్రిష్ణగిరి దాటి కొంత దూరము పోయిన కుప్పము, అనగా ఆంధ్రప్రదేశ్. ఇక్కడ తరతరాలుగా తెలుగు మాటలాడు కుటుంబములున్నవి. సిప్‌కాట్ కర్మాగారములలో పనికి ఆంధ్రనుండి వచ్చి స్థిరపడిన మనవంటివారమూ ఉన్నాము. తమిళనాడులో 2006లో చేసిన చట్టము ప్రకారము ఒకటవ తరగతినుండి అంచెలంచెలుగా తమిళము తప్పనిసరి అయినది. కాబట్టి మన బిడ్డలలో అనేకులు ఇంట తెలుగు, బడిలో తమిళము, వీధిలో కన్నడము, పుస్తకములో ఇంగ్లీషు, ఇట్లు నాలుగింటి మధ్య పెరిగినవారు. దీనిని మేము ఐశ్వర్యము అనుచున్నాము. కాని ఆ బిడ్డలు దీనిని అప్పువలె మోయుచున్నారు. చెన్నైలో చేరిన బిడ్డను తెలుగువాడని వేరుగా చూతురు. తిరుపతిలో చేరిన బిడ్డ 'చాలా' అనవలసిన చోట 'నిండా' అనినందుకు 'అరవ తెలుగు' అని నవ్వుదురు. బెంగుళూరులోనైతే ఇంగ్లీషు ఉచ్చారణ దగ్గరనే ఆపివేయుదురు.

మా యెరుకలోని ఒక బిడ్డ సంగతి చెప్పెదము. తండ్రి కర్మాగారములో కార్మికుడు. బిడ్డ మంచి మార్కులతో ఒక నగరములోని ఇంజనీరింగ్ కళాశాలలో చేరెను. మొదటి సంవత్సరము సెమినారులో లేచి మాటలాడగా తరగతి నవ్వినది, ఉపాధ్యాయుడును చిరునవ్వు నవ్వెను. అంతే. ఆ దినమునుండి వెనుక బెంచీ. ప్రశ్న అడుగడు, అడిగినా చెప్పడు. రెండవ సంవత్సరము ముగియునాటికి నాలుగు అరియర్లు. సెలవులకు వచ్చినప్పుడు సండేస్కూలులో గట్టిగా వాక్యము చదివిన ఆ గొంతు ఆరాధనలో పాటకు కూడ లేవలేదు. తండ్రి అడుగగా, 'నేను దేనికీ పనికిరాను నాన్నా' అనెను. లెక్కలలో మాకు తెలిసిన మంచి తెలివిగల బిడ్డ!

సంఖ్యాకాండము 13వ అధ్యాయములో పదిమంది వేగులవారు ఈ మాటే తెచ్చిరి. ఆ దేశస్థుల యెదుట తాము మిడతలవంటివారమని చెప్పి, వారి కన్నులకును అట్లే కనబడితిమని చేర్చిరి. మొదటిది వారి తలంపు, సరే. రెండవది వారికెట్లు తెలిసెను? ఆ ఉన్నత దేహులను వీరు అడిగినట్లు ఎక్కడా లేదు. ఎదుటివాడు నన్ను ఏమనుకొనుచున్నాడో నేనే వ్రాసికొని, దానిని నేనే నమ్ముట! కళాశాలలో నలుగురు నవ్విన దినమున అరువదిమంది నవ్వినట్లు తోచుట ఇదే.

ఇది చిన్న సంగతి అనువారికి ఒక లెక్క. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారము 2022లో మన దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరి. అందరి కారణము ఒకటి కాదు. అయినను మీలో ఎవరికైన బ్రతుకు బరువైన యెడల దాచవద్దు. పాస్టరుగారితో చెప్పుడి, 14416కు ఫోను చేయుడి. అది ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవ. వైద్యసలహా అడుగుట విశ్వాసము లేకపోవుట కాదు.

మేము గురుశిక్షణ చదివిన దినములలో విలియం జేమ్స్ అను పండితుని సూత్రము నేర్చితిమి. 1890లో ఆయన చెప్పినది: సాధించినదానిని ఆశించినదానితో భాగించగా వచ్చునది ఆత్మగౌరవము. లెక్కల మాస్టర్లకు ఇది సులభముగా తెలియును. లవము పెరుగకముందే హారమును పెంచుచు పోయిన యెడల ఫలితమేమగును? పక్కింటి బిడ్డ మార్కులు, బావమరిది కొడుకు అమెరికా ఉద్యోగము, ఇవన్నియు తలిదండ్రులు హారములో కలుపుచున్నవే. 1977లో ఆల్బర్ట్ బండూరా మరియొక సంగతి చెప్పెను. 'నేను చేయగలను' అను నమ్మిక అన్నిటికంటె బలముగా వచ్చునది చేసి నెగ్గిన అనుభవము వలన. తరువాత, మనవంటివాడు చేయగా చూచుట వలన. ఆ తరువాతనే ప్రోత్సాహపు మాటల వలన. శరీరపు వణుకును మనము అర్థము చేసికొను తీరు నాలుగవది. వట్టి పొగడ్త చాలదన్నమాట.

ఇప్పుడు పేతురునొద్దకు తిరిగి పోదము. ఆ రాత్రి గడిచి దాదాపు ఏడు వారములైనది. పెంతెకొస్తు దినమున అదే పట్టణములో అదే మనిషి వేలమంది యెదుట నిలిచెను. మాటలాడుచున్న వీరందరు గలిలయవారేగదా అని జనులు విభ్రాంతినొందిరి. అనగా యాస పోలేదు! ఈ ఏడు వారములలో పేతురు యెరూషలేము పలుకు నేర్చుకొన్నట్లు ఎక్కడా లేదు. జరిగినదేమనగా, సరస్సు దరిని ప్రభువు అతనికి రొట్టె, చేపలు పెట్టెను. తండ్రి పేరుతో కలిపి పిలిచెను. మూడుసార్లు బొంకినవానిని మూడుసార్లు అడిగి, మూడుసార్లు పని అప్పగించెను. తరువాత ఆత్మ దిగివచ్చెను. అతడు లేచినప్పుడు ఒంటరిగా లేవలేదు, పదునొకరితో కూడ లేచెను. ఈ చిన్న మాటను మనము చదువుచు దాటిపోవుదుము.

కొందరు పెద్దలు, ఆత్మవిశ్వాసము లోకపు మాట, విశ్వాసికి దీనత్వము చాలును అందురు. మేము ఒప్పుకొనము. భూమిమీద మిక్కిలి సాత్వికుడని పేరుపొందిన మోషేయే ఫరో యెదుట నిలిచెను. తనకు మాట రాదని అతడు వెనుకతీయగా దేవుడు దానిని దీనత్వమని మెచ్చుకొనలేదు, కోపపడెను. కోపపడియు అహరోనును తోడిచ్చెను.

కాబట్టి బిడ్డలారా, ఇంగ్లీషు నేర్చుకొనుడి, తమిళము బాగుగా నేర్చుకొనుడి, సిగ్గుతో కాదు, పనిముట్టుగా. వారమునకు ఒక్క ప్రశ్న తరగతిలో అడుగుడి. సెమినారుకు ముందు గదిలో ఇద్దరు స్నేహితులకు చెప్పి చూడుడి. అరియరు ఉన్నవారు నాలుగు పేపర్లను ఒక్కసారి తలకెత్తుకొనక, తేలికైనదానిని ముందు దాటుడి. ఈ హోసూరు పక్కనున్న తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ హోసూరు బడిలో చదివి, 1948లో భారతదేశపు గవర్నరు జనరల్ అయ్యెను. పల్లె పేరు చెప్పుకొనుటకు జంకనక్కరలేదు.

సంఘ పెద్దలకొక మనవి. ఫలితములు వచ్చిన ఆదివారము మొదటి శ్రేణివారిని మాత్రమే ముందుకు పిలిచి చప్పట్లు కొట్టించుట కొన్ని చోట్ల జరుగుచున్నది. తప్పినవాడు ఆ దినమున ఏ మూల కూర్చుండునో చూచితిరా? అతనికి పని ఇయ్యుడి. కానుకల లెక్క వ్రాయించుడి, చిన్నపిల్లలకు లెక్కలు చెప్పించుడి, ఆరాధనలో వాక్యపఠనము చేయించుడి. చదువునప్పుడు మాట తడబడిన యెడల ఎవరును దిద్దవద్దు, వెనుక వరుసలో నవ్వవద్దు. తెలుగు మాటలాడుటేగాని తెలుగు అక్షరములు రాని బిడ్డలు మనలో ఎక్కువగుచున్నారు. వారు తమిళ బైబిలు తెచ్చుకొని అందులోనే చదువవచ్చును.