ఎర్రనీళ్ళు రాకముందే

చిరంజీవి మనవడికి,

కాజ్‌వే మీద నీళ్ళు పారుతుంటే నువ్వు బండి మీద దాటిన వీడియో మీ నాయనమ్మ చూపించింది. స్నేహితులంతా మెచ్చుకున్నారట. నాకు మాత్రం ఆ రాత్రి కన్ను మూతపడలేదు. అందుకే ఈ ఉత్తరం.

1986 ఆగస్టులో గోదారి మన లంక మీదికొచ్చింది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులకు చేరిన ఏడాది అది. గట్టు మీదికి రమ్మని ముందురోజే టముకు వేశారు. "1953 వరద చూసినవాణ్ణి, నాకా చెబుతారు?" అని మా నాన్నగారు కదల్లేదు. అర్ధరాత్రికి ఎర్రనీళ్ళు అరుగు దాటి వంటింట్లోకొచ్చాయి. అప్పటికే మూడుసార్లు జనాన్ని దాటించి అలిసిపోయిన పడవ మనిషి మాకోసం నాలుగోసారి వచ్చాడు. మమ్మల్ని గట్టుకు చేర్చాడు. పడవ కట్టేలోగా కొట్టుకొచ్చిన చెట్టు మొద్దు తగిలి అది చీలిపోయింది. అతను ఈది బయటపడ్డాడు. కానీ ఆ పడవే అతని పొలం, అతని పాడి. నాన్నగారు తర్వాత కొత్త పడవ చేయించి ఇచ్చారు గానీ, బతికినన్నాళ్ళూ అతని కళ్ళలోకి సూటిగా చూడలేకపోయారు.

మనం మొండికేస్తే దాని బాకీ మనల్ని వెతుక్కుంటూ నీళ్ళలోకి దిగినవాడి మీద పడుతుంది నాన్నా. నువ్వు బండి నడిపినప్పుడు నీకది తట్టలేదు. పారే నీరు మోకాలి లోతు లేకపోయినా మనిషిని పడగొడుతుంది. కింద కాజ్‌వే కోసుకుపోయిందో లేదో పైకి కనపడదు.

భద్రాచలంలో పెరిగిన నీరు మనదాకా రావడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. గోదారి మనకిచ్చే గడువు అదే. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక. ఆ మాట వినగానే పశువుల్ని గట్టు మీదికి తోలు, కాగితాలూ మందులూ మూటకట్టు. 13.75కి రెండోది. అప్పటికి పసివాళ్ళూ ముసలివాళ్ళూ నిండుచూలాళ్ళూ లంక దాటి ఉండాలి. 17.75 అడుగులకు మూడోది వచ్చేసరికి ఏ ఇంట్లోనూ మనిషి మిగలకూడదు. వెళ్ళేముందు కరెంటు మెయిన్ కట్టెయ్యి.

వరద గడువిస్తుంది, పిడుగు ఇవ్వదు. ఉరుము వినపడిందంటే పిడుగు నీ మీద పడగల దూరంలోనే ఉన్నట్టు. పని ఎక్కడిదక్కడ వదిలి పక్కా ఇంట్లోకి వెళ్ళు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటికి రా. లంకలో అన్నిటికన్నా ఎత్తు కొబ్బరిచెట్లే. అయినా వాన రాగానే వాటి కిందికే పరిగెడతాం. ఆ అలవాటు మానాలి. ఏట్లో ఉంటే పడవ ఒడ్డుకు పట్టు. దగ్గర్లో ఏ ఇల్లూ లేకపోతే పాదాలు దగ్గరగా పెట్టి గొంతుక్కూర్చో, నేలమీద పడుకోవద్దు.

ఇంకో మాట. పిడుగు తగిలినవాణ్ణి ముట్టుకుంటే మనకీ షాక్ కొడుతుందని జనం దూరంగా నిలబడతారు. అతని ఒంట్లో కరెంటు మిగిలి ఉండదు. ఊపిరి ఆగితే వెంటనే గుండె మీద రెండు చేతులతో నొక్కుతూ ఉండు, పక్కవాళ్ళచేత 108కి ఫోన్ చేయించు. భయపడి వెనక్కి తగ్గిన ఆ నాలుగు నిమిషాల్లోనే ఒక ప్రాణం పోవచ్చు.

నీకు బలముంది, తెగువ ఉంది. అవి దేవుడిచ్చినవి. ఈసారి మొదటి హెచ్చరిక రాగానే ఆ బండి తియ్యి. వీధి చివర ఒంటరిగా ఉన్న మామ్మగారిని ఎక్కించుకుని, కాజ్‌వే ఇంకా పొడిగా ఉండగానే గట్టు చేర్చు. తర్వాత నాకోసం రా. ముసలితనం కొద్దీ నేనూ కదలనంటానేమో. అప్పుడు ఈ ఉత్తరం తీసి నాకే చదివి వినిపించు.

ఇట్లు,
మీ తాతయ్య