కుచేలుని మూట, సత్రాజిత్తు మణి

అన్నప్రాశన మొదలు అక్షరాభ్యాసము వరకు బిడ్డలకు బంధుమిత్రులు కానుకలు తెచ్చుచునే యుందురు. వానిలో కొన్ని మనకు నచ్చవు. అతిథి గడప దాటీదాటకమునుపే "ఇదియా తెచ్చినది!" అని తల్లి పెదవి విరచును. ఆ మాట ప్రక్కనున్న బిడ్డ వినును.

శ్రీమద్భాగవత దశమస్కంధమున ఈ సందర్భమునకు తగిన కథలు రెండు గలవు.

కుచేలుని కథ నెరుగనివారు లేరు. ఇల్లాలు యాచించి తెచ్చిన నాలుగు పిడికెళ్ల అటుకులను చినిగిన గుడ్డలో ముడివైచి యిచ్చినది. ద్వారకా వైభవము చూచిన పిమ్మట ఆ విప్రునకు మూట విప్ప సిగ్గైనది, తల వంచుకొనెను. స్వామి తానే యడిగి, తానే మూట లాగికొని, పిడికెడు ఆరగించెను. రెండవ పిడికెడు ఎత్తగా రుక్మిణీదేవి చేయి పట్టవలసివచ్చినది! పల్లె నుండి వచ్చిన ముసలి మేనత్త సంచి విప్పి రంగు వెలిసిన లక్కపిడతలు తీయునపుడు ఆమె చేతులు కూడ అట్లే సంకోచించును. మనము తానుగా చేయి చాచి యందుకొన్నచో బిడ్డయు చాచును.

రెండవది శమంతకోపాఖ్యానము. దినమునకు ఎనిమిది బారువుల బంగారమిచ్చు ఆ మణిని శ్రీకృష్ణుడు ఉగ్రసేనునికై యడిగినపుడు సత్రాజిత్తు ఈయలేదు. పోయినపుడు స్వామిపైననే నింద మోపెను. తుదకు పశ్చాత్తాపముతో కుమార్తె సత్యభామను, మణిని సమర్పించెను. స్వామి కన్యను స్వీకరించి మణిని మరలించెను. పాత నిందను ఎత్తిపొడువలేదు. సూర్యభక్తుడవైన నీయొద్దనే ఉండనిమ్ము, ఫలములో మాకును భాగము గలదనెను. చుట్టరికమును ఉంచుకొని వస్తువును విడుచుట యన నిది. పదేండ్ల బాలునకెవరో వేల రూపాయల ఫోను తెచ్చినపుడు బాలుని యెదుట వాదింపక, ఆయనను ప్రక్కకు పిలిచి, "మీ యభిమానము చాలును, దీనికి వానికింకను వయస్సు రాలేదు" అని చెప్పవలెను. కష్టమే, కాదనను. గొంతున అడ్డుపడు పూసల బొమ్మను పసివాని కిచ్చిరా, అప్పుడు మొగమాటమే పనికిరాదు. వెంటనే తీసి దాచవలసినదే.

అక్కరలేనివానిని పనిమనిషి బిడ్డకు పారవేసినట్లు ఇచ్చువారున్నారు. అనాదరముతో నిచ్చు దానము తామసమని గీత పదునేడవ అధ్యాయము చెప్పుచున్నది. విరిగినది ఈయరాదు. కానుక బిడ్డది గనుక వాని నడిగి, వాని చేతనే ఇప్పింపవలెను. ఈయనన్నచో ఆనాటికి ఊరకుండుడు. నాలుగు నాళ్లకు మరల నడుగవచ్చును.